అవసరం అన్న మాట

మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి పోయిన వారం నన్నొక మాట అడిగింది. "దాదా, ఆప్నార్ అబొశొర్ కొబే?" మీ రిటైర్మెంటు ఎప్పుడని. ఈ నెలాఖరుకే అన్నాను. ఆ అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. చేతిలో ఉన్న ఫైలు తాడు ముడి వేసింది, విప్పింది, మళ్లీ వేసింది. తర్వాత లేచి వెళ్లి ఇద్దరికీ టీ చెప్పి వచ్చింది.

నేను రైల్వేలో పెన్షన్ కాగితాలు చూసే సెక్షన్‌లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాను. రిటైరయ్యేవాళ్ల సర్వీసు పుస్తకాలు తిరగేసి, ఎన్నేళ్లు పనిచేశారో, మధ్యలో జీతం లేని సెలవులు ఎన్ని ఉన్నాయో లెక్కగట్టి, ఆఖరి రోజుకి కాగితాలన్నీ సిద్ధం చేసి చేతికివ్వడం నా పని. ఎంతమంది విరమణ తేదీలనో నా చేత్తో రాశాను. నా తేదీ ఒకరు అడిగేసరికి మాత్రం గొంతు పట్టేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే దారంతా ఆ ఒక్క మాటే నా వెంట వచ్చింది. అబొశొర్. బెంగాలీ లిపిలో చూస్తే మన అవసరమే అది. అ, వ, స, ర. బెంగాలీలో వకారం బకారమై, సకారం శకారమై, అచ్చులు కాస్త గుండ్రంగా తిరుగుతాయి, అంతే. కానీ అర్థం చూడండి. మనకు అవసరం అంటే అక్కర, అది లేకపోతే గడవదు. వాళ్లకు అబొశొర్ అంటే తీరిక, పనిలేని వేళ, ఉద్యోగ విరమణ. సంస్కృతంలో మూలం వెతికితే అదను, తగిన సమయం. హిందీవాళ్లు ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడుతున్నారు. ఒకే మాట గంగ ఒడ్డున తీరిక అయింది, గోదావరి ఒడ్డున అక్కర అయింది.

ఈ తేడా నాకు మొట్టమొదట తెలిసింది ఒక ఫుట్‌బాల్ ఆటగాడి వల్ల. ఈ వారమంతా నేను తలుచుకుంటున్నది ఇంకొక ఫుట్‌బాల్ ఆటగాణ్ణి.

1977 సెప్టెంబరు. నాకు పన్నెండేళ్లు. నాన్న గార్డెన్ రీచ్‌లో రైల్వే గుమాస్తా. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చినవాడు. ఆ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి పేరు మారి ఎన్నో ఏళ్లయినా మన ఉత్తరాంధ్రవాళ్లు దాన్ని బీఎన్నార్ అనే పిలిచేవాళ్లు, నాన్న కూడా అలాగే. బడిలో నాకు బెంగాలీ తప్పదు కాబట్టి ఇంటికి ఒక బెంగాలీ పేపరు వేయించాడు. పొద్దున్నే దాన్ని నేల మీద పరిచి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పెద్ద అక్షరాలు చదవడం నా పని. ఆ రోజు అందులో పెలే పేరుంది, పక్కనే ఈ మాటా ఉంది.

"నాన్నా, పెలేకి ఏం అవసరం వచ్చింది?" అని అడిగాను.

నాన్న నవ్వలేదు. గడ్డం గీసుకుంటున్నవాడు ఆగి, పేపరు వైపు వంగి చూశాడు. "అవసరం కాదురా బాబూ, విశ్రాంతి తీసుకుంటున్నాడట. ఇక ఆడడట" అన్నాడు.

"మరి ఆట మానేసేవాడు మన ఊరికెందుకు వస్తున్నాడు?"

నాన్న అద్దం వైపు తిరిగి కాసేపు ఆలోచించాడు. "మనకి అవసరం కాబట్టి" అన్నాడు.

అది సమాధానమని అప్పుడు నాకు తోచలేదు. మాట దాటేశాడనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత నా ఫైలు నేనే కట్టుకుంటూ ఉంటే, నాన్న ఆ ఉదయం ఎంత నిజం చెప్పాడో తెలుస్తోంది.

సెప్టెంబరు 24న నాన్న ఎవరినో బతిమాలి రెండు టిక్కెట్లు సంపాదించి నన్ను ఈడెన్ గార్డెన్స్‌కి తీసుకెళ్లాడు. న్యూయార్క్ కాస్మోస్ జట్టుకూ మోహన్ బగాన్‌కూ మ్యాచ్. వాన పడి నేల చిత్తడిగా ఉంది. పెలేకి అప్పుడు 36 ఏళ్లు. అంతకు మూడేళ్ల ముందే, 1974లో, బ్రెజిల్‌లో తన సాంతోస్ క్లబ్బుకు వీడ్కోలు చెప్పి ఆట చాలించినవాడు. 1975లో అమెరికా పిలిస్తే మళ్లీ బూట్లు కట్టుకున్నాడు. కలకత్తాలో ఆడిన సరిగ్గా వారానికి, అక్టోబరు 1న, న్యూజెర్సీలో తన చివరి మ్యాచ్ ఆడాడు. ఒక సగం కాస్మోస్‌కి, ఒక సగం సాంతోస్‌కి.

ఈడెన్‌లో ఆ రోజు పెలే గోల్ కొట్టలేదు. మ్యాచ్ 2–2తో సమంగా ముగిసింది. మోహన్ బగాన్ తరఫున గోల్ చేసిన ఇద్దరిలో ఒకడు శ్యామ్ థాపా, ఇంకొకడు మన హైదరాబాదు మహమ్మద్ హబీబ్. హబీబ్ గోల్ చేసినప్పుడు నాన్న నన్ను రెండు చేతులా పైకెత్తి, "మనవాడురా, మనవాడు!" అని అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. వేలాది గొంతుల మధ్య ఆ తెలుగు మాట ఒక్కటే నాకు విడిగా వినిపించింది.

తర్వాత ఆలోచిస్తే నాకొకటి అర్థమైంది. కలకత్తా మహా ఆటగాళ్ల మధ్యాహ్నాల్ని పెద్దగా చూడలేదు. ఎండ కొట్టే ఆ వేళ వాళ్లను యూరప్ చూసింది, దక్షిణ అమెరికా చూసింది. మా ఊరికి వాళ్లు పొద్దు వాలాక వచ్చారు. 2008 మే 27న జర్మనీ గోల్‌కీపర్ ఒలివర్ కాన్ బయర్న్ మ్యూనిక్ జట్టుకు తన వీడ్కోలు ఆట సాల్ట్ లేక్ స్టేడియంలో ఆడాడు. ఎదుటి జట్టు మళ్లీ మోహన్ బగానే. బయర్న్ 3–0తో గెలిచింది. మ్యాచ్ మధ్యలో కాన్ మైదానం వదిలి వెళ్తుంటే గ్యాలరీ గ్యాలరీ అంతా లేచి నిలబడింది. తన జట్టుపై ఆడిన మనిషికి, ఇక ఎప్పుడూ చూడబోని మనిషికి, అంతసేపు చప్పట్లు కొట్టిన ఊరు మాది. దాన్ని చూసి నేను గర్వపడ్డాను.

ఈ వారమంతా నేను తలుచుకుంటున్న లూయిస్ గార్సియా వచ్చినది ఆ తర్వాత ఆరేళ్లకు.

2014 జనవరిలో ఈ స్పెయిన్ ఆటగాడు ఇక ఆడనని ప్రకటించాడు. అప్పటికి 35 ఏళ్లు. అదే ఏడాది మన దేశంలో ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. ఎనిమిది జట్లు. ఒక్కో జట్టుకూ పేరున్న ఒక విదేశీ ఆటగాణ్ణి ముందు నిలబెట్టాలనుకున్నారు. ఢిల్లీకి ఇటలీ దెల్ పియెరో, పుణేకి ఫ్రాన్స్ త్రెజెగే, గోవాకి పిరెస్, గువాహటికి 2010 వరల్డ్ కప్ గెలిచిన స్పెయిన్ జట్టులోని కాప్దెవిలా. అత్లెతికో మాద్రిద్ క్లబ్బు, సౌరవ్ గంగూలీ భాగస్వాములుగా పుట్టిన అత్లెతికో ది కోల్‌కతా జట్టుకు లూయిస్ గార్సియా. 36 ఏళ్ల వయసులో ఎర్ర తెల్ల చారల జెర్సీ వేసుకుని మా ఊరికి వచ్చాడు. ఈడెన్‌లో పెలేకీ సరిగ్గా అదే వయసు.

అతని సర్వీసు పుస్తకం నా చేతికిస్తే ఎలా రాస్తానా అని ఈ మధ్య ఊహించుకున్నాను. 1978 జూన్ 24న బార్సిలోనా పక్కనే ఉన్న బదలోనాలో పుట్టాడు. బార్సిలోనా క్లబ్బు పిల్లల జట్లలో పెరిగాడు. కానీ సొంత ఊరి క్లబ్బు అతన్ని పెద్ద జట్టులోకి తీసుకోలేదు. వయ్యదొలిద్‌కి లోన్ మీద పంపింది, తర్వాత తొలేదోకి, తర్వాత అట్లాంటిక్ దీవుల్లోని తెనెరిఫేకి. 2000–01లో తెనెరిఫే రెండో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కి ఎక్కింది. ఆ జట్టు కోచ్ పేరు రఫాయెల్ బెనితెజ్. ఆ తర్వాత మళ్లీ వయ్యదొలిద్, ఆపైన అత్లెతికో మాద్రిద్, 2003లో ఎట్టకేలకు బార్సిలోనా పెద్ద జట్టు. అక్కడా ఒక్క సీజనే. ఏటేటా ఊరు మారిన మనిషి. నా టేబుల్ మీదికి వచ్చే సర్వీసు పుస్తకాల్లో ఇలాంటివి నేను చాలా చూశాను. ప్రతి రెండేళ్లకూ ఒక బదిలీ ఆర్డరు, ఎక్కడా స్థిరంగా ఒక కుర్చీ లేదు. ఆ పుస్తకం మనిషి పనితనం గురించి ఏమీ చెప్పదు. ఎవరికి ఎప్పుడు అతని అవసరం పడిందో మాత్రం చెబుతుంది.

2004లో బెనితెజ్ ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి కోచ్‌గా వెళ్లి, తెనెరిఫేలో తన దగ్గర ఆడిన కుర్రాణ్ణి గుర్తుపెట్టుకుని పిలిపించాడు. అంతే, ఆ ఏడాది గార్సియా జీవితం మారిపోయింది. ఛాంపియన్స్ లీగ్ నాకౌట్‌లో లెవర్కుసెన్ మీద, యువెంతుస్ మీద గోల్స్ చేశాడు. 2005 మే 3న ఆన్‌ఫీల్డ్‌లో చెల్సీతో సెమీఫైనల్ రెండో మ్యాచ్. నాలుగో నిమిషంలో అతను తాకిన బంతి గోల్ గీత దగ్గరికి దొర్లింది. చెల్సీ ఆటగాడు గలాస్ దాన్ని బయటికి తన్నాడు. గీత దాటిందా లేదా? రిఫరీ దాటిందన్నాడు. అప్పట్లో గీత మీద కెమెరా సాంకేతికత లేదు. రెండు మ్యాచ్‌లు కలిపి పడిన గోల్ అదొక్కటే, దానితోనే లివర్‌పూల్ ఫైనల్‌కి వెళ్లింది. చెల్సీ కోచ్ మొరీన్యో దాన్ని దయ్యం గోల్ అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. మే 25న ఇస్తాంబుల్‌లో ఏసీ మిలాన్ చేతిలో సగం ఆటకి 0–3తో వెనకబడిన లివర్‌పూల్, 3–3 చేసి పెనాల్టీల్లో గెలిచిన రాత్రి కూడా గార్సియా మైదానంలో ఉన్నాడు. అదే ఏడాది నవంబరులో స్లొవాకియా మీద మూడు గోల్స్ చేసి స్పెయిన్‌ను 2006 వరల్డ్ కప్‌కు చేర్చడంలో ముందు నిలిచాడు.

ఆ మధ్యాహ్నం ఎక్కువ సేపు నిలవలేదు. 2006 ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్లో గోల్ చేసి కూడా, వేరే మ్యాచ్‌లో రెడ్ కార్డు పడటంతో ఫైనల్‌కి దూరమయ్యాడు. 2007 జనవరిలో ఆర్సెనల్‌తో ఆడుతుండగా మోకాలి లోపలి లిగమెంటు తెగింది. తొడ ఎముకనూ కాలి ఎముకనూ లోపల పట్టి ఉంచే నులక తాడు లాంటిది అది. దాన్ని మళ్లీ కట్టినా, పరుగు మధ్యలో ఉన్నట్టుండి మళ్లే ఆ ధైర్యం కాలికి పూర్తిగా తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. ఆ ఏడాది మేలో ఏథెన్స్‌లో లివర్‌పూల్ మళ్లీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది, అతను లేడు. 2008లో స్పెయిన్ యూరో కప్ గెలిచింది, 2010లో వరల్డ్ కప్ గెలిచింది, అప్పుడూ అతను లేడు. లివర్‌పూల్‌లో మూడేళ్లు, 121 మ్యాచ్‌లు, 30 గోల్స్. ఆపైన మళ్లీ అత్లెతికో, సాంతాందేర్, గ్రీసులో పనథినైకోస్, మెక్సికోలో ప్యూబ్లా, పూమాస్. మెట్టు మెట్టుగా దిగుతూ వచ్చి 2014 జనవరిలో ఆగాడు.

అలా ఆగిన మనిషికి కలకత్తాతో ఏం పని? కలకత్తాకు అతనితో ఏం పని?

సాల్ట్ లేక్‌లో ఆ సీజన్ ఆరంభ మ్యాచ్ అక్టోబరు 12న జరిగింది. ముంబయి మీద కోల్‌కతా 3–0తో గెలిచింది. ఆ లీగ్ చరిత్రలో మొదటి గోల్ ఇథియోపియా ఆటగాడు ఫిక్రుది. మిగతా రెండూ స్పెయిన్‌వాళ్లవే, బోర్హా, అర్నాల్‌వి. నేను ఆ తర్వాత ఒక సాయంత్రం వెళ్లాను. ఆ రోజుల్లో సాల్ట్ లేక్‌లో కృత్రిమ గడ్డి ఉండేది. అసలు గడ్డిలా కాలికి మెత్తగా లొంగదు. ఒకసారి లిగమెంటు కట్టించుకున్న 36 ఏళ్ల మోకాలికి అది ఎంత కష్టమో అతను పరుగు ఆపే తీరులోనే తెలిసిపోయేది. ఆగాల్సిన చోటికి రెండడుగుల ముందే నెమ్మదించేవాడు.

నా వెనక వరసలో ఒక పెద్దాయన తన మనవడితో వచ్చాడు. ఆ పిల్లవాడు, "తాతా, ఆయన పరిగెత్తడం లేదేం?" అని అడిగాడు. పెద్దాయన అన్న మాట నేను మరిచిపోలేదు. "కాళ్లు చూడకు. మెడ చూడు."

నేనూ మెడ చూడటం మొదలుపెట్టాను. బంతి ఇంకా ఎక్కడో ఉంది. గార్సియా తల ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగింది. మళ్లీ కుడి భుజం మీదుగా తిరిగింది. బంతి అతని వైపు బయలుదేరాక ఇంకోసారి తిరిగింది. బంతి కాలికి తగిలేసరికి అతనికి వెనక ఎవరున్నారో, పక్కన ఎవరు ఖాళీగా ఉన్నారో, ఎవరు పరుగు మొదలుపెట్టబోతున్నారో అన్నీ తెలుసు. దాన్ని ఆపలేదు. వచ్చిన దారిలోనే చిన్నగా మళ్లించి, ఇంకా పరుగే మొదలుపెట్టని ఒక బెంగాలీ కుర్రాడి ముందుకు వదిలాడు. బంతి అక్కడికి పోవడం చూసి ఆ కుర్రాడు పరిగెత్తాడు. కుర్రాడు పరిగెత్తాల్సిన చోటును అతని కంటే ముందు గార్సియా చూశాడు.

ఎదుటి జట్టు రక్షణ వరసకూ నడిమి వరసకూ మధ్య ఒక సందు ఉంటుంది. ఎవరి కాపలా కూడా అక్కడ ఉండదు, ఇద్దరూ అవతలివాడు చూసుకుంటాడనుకుంటారు. గార్సియా ఎక్కువ సేపు ఆ సందులోనే నడుస్తూ ఉండేవాడు. నడవడమే, పరుగు కాదు. వయసు కాళ్ల నుంచి తీసుకున్నదాన్ని కంటికి ఇస్తుందని నేను నమ్ముతాను, కానీ ఊరికే ఇవ్వదు. ఇరవై ఏళ్లు రోజూ మెడ తిప్పి చూసినవాడికే ఇస్తుంది. మా సెక్షన్‌లోనూ ఇదే చూశాను. పాత సూపరింటెండెంట్ ఒకాయన ఫైలు తెరవకముందే, దాని మందం చూసి, ఇందులో ఎక్కడో లెక్క తప్పింది అనేవారు. తెరిచి చూస్తే తప్పు ఉండేది.

ఆ సీజన్‌లో గార్సియా 13 మ్యాచ్‌లు ఆడి రెండు గోల్స్ చేశాడు. అంకెలు చూస్తే అంతే. సెమీఫైనల్లో గోవాతో రెండు మ్యాచ్‌ల్లోనూ ఒక్క గోల్ పడలేదు, కోల్‌కతా పెనాల్టీల్లో 4–2తో గెలిచింది. డిసెంబరు 20న నవీ ముంబయిలో డీవై పాటిల్ స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. తొంభై నిమిషాలు అయిపోయాయి, గోల్ లేదు. అదనపు నిమిషాల్లో ఒక కార్నర్. ఆఖర్లో మైదానంలోకి దిగిన మహమ్మద్ రఫీక్ అనే బెంగాల్ కుర్రాడు ఎగిరి తలతో కొట్టాడు. కోల్‌కతా 1–0తో గెలిచింది. మొదటి లీగ్‌కు మొదటి విజేత మా ఊరు.

విదేశాల నుంచి ఎన్నో పేర్లు వచ్చిన ఆ లీగ్‌లో ఆఖరి గోల్ ఈ ఊరి కుర్రాడి తల నుంచి వచ్చింది. ఆ రాత్రి మా వీధిలో పటాసులు పేలుతుంటే మొదటిసారి నాకు నాన్న మాట గుర్తొచ్చింది. మనకి అవసరం కాబట్టి. పెలే గోల్ కొట్టని రోజున హబీబ్ గోల్ కొట్టాడు. గార్సియా వచ్చిన ఏడాది రఫీక్ కొట్టాడు. సాయంకాలం వచ్చినవాళ్ల నుంచి ఈ ఊరికి కావాల్సింది వాళ్ల గోల్స్ కాదు. వాళ్ల పక్కన, వాళ్లకు ఎదురుగా, తన పిల్లలు నిలబడటం.

ఇంకొక మనిషిని తలచుకోకుండా ఈ మాట ముగించలేను. ఆయన పేరు తులసీదాస్ బలరాం.

1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన బలరాం గారు, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కంట పడి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన జట్టులో చేరారు. భారత జట్టు అక్కడ నాలుగో స్థానంలో నిలిచింది. 1957లో కలకత్తా వచ్చి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా కలకత్తా లీగ్‌లో 23 గోల్స్. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. ఈ ముగ్గురి పేర్లూ విడదీయకుండా ఒకే మాటలా పలికేవాళ్లు ఇప్పటికీ మా ఊళ్లో ఉన్నారు. నాన్న ఆయన ఆట మైదాన్‌లో చూశాడు. బలరాం ఆటను వర్ణించాలంటే నాన్న మాటలు వాడేవాడు కాదు. అన్నం తింటున్నా ఆపి, కంచం పక్కన రెండు వేళ్లతో, లేని బంతిని ఒకడి పక్క నుంచి తప్పించి చూపించేవాడు.

ఆ వేళ్లు ఒకచోట ఆగిపోయేవి. 1963లో బలరాం గారు మా బీఎన్నార్ జట్టులోకి వచ్చారు. ఆ ఏడే ఊపిరితిత్తుల జబ్బు ఆయన ఆటను ఆపేసింది. ఇంకా ముప్పై ఏళ్లు నిండలేదు. ఆడింది ఏడెనిమిదేళ్లు. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు బతికారు. గంగ ఒడ్డున ఉత్తరపాడాలో ఉండేవారు. 2023 ఫిబ్రవరి 16న, 86 ఏళ్ల వయసులో, కన్నుమూశారు.

సమకాలికులు ఇద్దరికీ అలా కాలేదు. పీకే ఆట ముగించి కోచ్ అయ్యారు. ఈడెన్‌లో పెలే ముందు నిలిచిన మోహన్ బగాన్‌ను తీర్చిదిద్దింది ఆయనే. చునీ గోస్వామి ఫుట్‌బాల్ ముగిశాక కూడా క్రికెట్ ఆడుతూ, 1971–72లో బెంగాల్ జట్టు కెప్టెన్‌గా రంజీ ఫైనల్ దాకా వెళ్లారు. మెట్లు దిగడానికి వాళ్లకు దారి దొరికింది. బలరాం గారు మెట్టు మీద ఉండగానే మెట్టు విరిగింది.

నేను ఆయన్ని ఎప్పుడూ కలవలేదు. కానీ ఆయన పోయిన నెలలోనే ఒక ఆదివారం ఉత్తరపాడా వెళ్లి ఘాట్ మెట్ల మీద కూర్చున్నాను. పాటు వేళ. నీళ్లు దిగిపోయి, అడుగు మెట్లు బురదతో బయటపడ్డాయి. ఒకాయన చెప్పులు చేత పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ నీళ్ల దాకా దిగుతున్నాడు. ఎక్కేవాళ్లెవరూ మెట్ల వైపు చూడటం లేదు. దిగే మనిషే ప్రతి మెట్టునూ చూసుకుంటున్నాడు. బలరాం గారికి ఆ అవకాశం దక్కలేదే అని ఆ రోజు నాకు నిజంగా కన్నీళ్లొచ్చాయి. ముప్పై ఆరేళ్లకు ఆయన మెడ ఎలా తిరిగేదో, ఏ కుర్రాడి ముందుకు బంతి వదిలేవారో, మా ఊరు ఎప్పటికీ చూడలేకపోయింది. ఆయనకు పోయింది కొంత. మాకు పోయింది అంతకంటే ఎక్కువ.

అందుకే ఇప్పుడు నాకు ఆ మాటలోని మూడు అర్థాలూ ఒకే మాటగా కనిపిస్తున్నాయి. తీరిక ఒక్కటే దొరికితే అది ఖాళీ. అక్కర ఒక్కటే ఉంటే అది బరువు. ఆ రెండింటి మధ్య మూడోది ఉండాలి. అదను. కాళ్లింకా ఉండగానే, కన్ను బాగా పండాక, బంతిని ఎవరి ముందుకు వదలాలో చూసి వదలగలిగే ఆ కొద్ది వేళ. గార్సియాకు అది దొరికింది. ఒకసారి ఆగి, మళ్లీ వచ్చి, ఒక ఊరికి ఉపయోగపడి, 2016లో ఆస్ట్రేలియాలో సెంట్రల్ కోస్ట్ మరినర్స్‌కి ఆడి, అప్పుడు నిజంగా ఆగాడు. రెండుసార్లు రిటైరయ్యాడని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. నాకు మాత్రం అది భాగ్యంగానే కనిపిస్తుంది. ఎంతమందికి ఒక్కసారైనా తమ చేత్తో తాము ముగించుకునే వీలు దక్కుతుంది?

నిన్న పక్క సీటు అమ్మాయి ఒక పాత సర్వీసు పుస్తకం తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. ట్రాక్ మీద పనిచేసిన ఒక మనిషిది. అంచులు చెదలు తిన్నాయి. 1980ల్లో ఒకచోట ఏడు నెలలు ఏ సంతకమూ లేదు. ఆ ఏడు నెలలు లెక్కలోకి రాకపోతే ఆ కుటుంబానికి నెలనెలా కొంత తగ్గిపోతుంది. ఎక్కడ వెతకాలో నాకు తెలుసు. జీతాల రిజిస్టర్లలో కాదు, వాళ్ల గ్యాంగు హాజరు పట్టీలో. చెప్పబోయి ఆగాను. ఆ అమ్మాయి పుస్తకం మూసి, మందం వేళ్లతో కొలిచినట్టు పట్టుకుని, నా వైపు కాకుండా బీరువా వైపు చూసింది. లేచి వెళ్లింది. చాలాసేపటికి ఒళ్లంతా దుమ్ముతో, చేతిలో పాత హాజరు పట్టీతో తిరిగొచ్చింది. ఆ ఏడు నెలలూ అందులో ఉన్నాయి. రోజు రోజుకీ, నీలి ఇంకుతో.

నేనేమీ చెప్పకముందే తన మెడ అటు తిరిగింది.

ఈ నెలాఖరు సాయంత్రం నా కాగితాలు ఎవరో నా చేతికిస్తారు. అందులో బెంగాలీలో ఆ మాట ఉండకపోవచ్చు, రైల్వే కాగితాల భాష వేరు. కానీ పొద్దున్నే పేపరు నేల మీద పరిచి కూర్చున్న ఆ పన్నెండేళ్ల కుర్రాడు అడిగిన ప్రశ్నకు నాన్న చెప్పిన జవాబు నా దగ్గర ఉంది. ఇప్పుడు దాన్ని నేను తెలుగులోనూ చదవగలను, బెంగాలీలోనూ చదవగలను.